వజ్రాలు పొదిగిన వాచీని ఎవరి చేతికివ్వాలి?

రోలెక్స్ డేట్‌జస్ట్ 16233 అనే మోడల్‌ను తీసుకుందాం. 36 మిల్లీమీటర్ల ఉక్కు కేస్, ఉక్కూ బంగారమూ కలిసిన చైను, గ్లాసు చుట్టూ 18 క్యారెట్ల పసుపు బంగారపు బెజెల్, లోపల వాచీని నడిపే యంత్రం, అంటే 3135 అనే మూవ్‌మెంట్. 1980ల చివర వచ్చి 1990ల పొడవునా అమ్ముడైన వాచీ కాబట్టి సెకండ్ హ్యాండ్ బజారులో దీనికి కొదవ లేదు. ముంబయిలో ఉంటుంది, దుబాయ్‌లో ఉంటుంది, డాలస్‌లో ఉంటుంది. దొరికేవాటిలో చాలావాటికి కంపెనీ ఎన్నడూ పెట్టని వజ్రాలుంటాయి. డయల్ మీద గంటల గుర్తుల స్థానంలో పది రాళ్ళు, బెజెల్ చుట్టూ ఇంకో వరుస. పాత యజమాని ముచ్చటపడి నగల దుకాణంలో పొదిగించి ఉండవచ్చు, అమ్మే వ్యాపారే ధర పెంచడానికి పెట్టించి ఉండవచ్చు. పెళ్ళిలో అల్లుడికి పెట్టిన వాచీ అయితే ఆ రాళ్ళు ఎక్కడివని అడిగేవారే ఉండరు.

కొన్నేళ్ళు బాగానే నడుస్తుంది. తర్వాత రోజుకు రెండు మూడు నిమిషాలు వెనకబడటమో, అర్ధరాత్రి మారాల్సిన తేదీ సగంలో ఇరుక్కుపోవడమో మొదలవుతుంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళితే, బయటి భాగాలన్నీ తీసి అసలువి వేయించుకుంటేనే పని మొదలుపెడతామంటారు. ఆ ఖర్చు ఒక్కోసారి వాచీ కొన్న ధరలో పెద్ద భాగాన్నే మింగేస్తుంది. సందు చివరి దుకాణంలో అడిగితే సాయంత్రానికి ఇచ్చేస్తామంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఈ చిక్కును చాలామంది కంపెనీకి ఇవ్వాలా, బయట ఇవ్వాలా అన్న ఒక్క ప్రశ్నగా చూస్తారు. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. మార్పు వాచీలో ఏ పొర దాకా దిగింది, దాన్ని తిరిగి పాత స్థితికి తేగలమా అన్నది మొదటిది. దానికి జవాబు దొరికితే రెండోదానికి జవాబు చాలావరకు దానంతటదే తేలుతుంది.

ఎక్కడ మార్చారు?

చైనునో పట్టీనో మార్చడం అసలు మార్పే కాదు. విప్పేసి కేస్ మాత్రమే సర్వీసింగ్‌కు ఇస్తే సరిపోతుంది. బెజెల్ దగ్గరే కథ మొదలవుతుంది.

డేట్‌జస్ట్ బెజెల్ మీది గాడులు ఇప్పుడు అలంకారమే. కానీ 1926లో వచ్చిన తొలి ఆయిస్టర్ వాచీల్లో ఆ గాడులకు పనుండేది: బెజెల్‌ను పట్టి కేస్‌కు స్క్రూలా తిప్పి బిగించడానికి అవి పట్టునిచ్చేవి, ఆ బిగింపే నీటిని ఆపేది. ఇప్పటి బెజెల్‌ను స్క్రూలా తిప్పరు, నొక్కి కూర్చోబెడతారు. అయినా గ్లాసు చుట్టూ నీటిని ఆపే వలయమైన గ్యాస్కెట్‌ను బిగించి ఉంచడంలో దానికి ఇప్పటికీ పాత్ర ఉంది. బయట తయారైన వజ్రాల బెజెల్ వెంట్రుకవాసి వదులుగా ఉన్నా గ్యాస్కెట్ మీద ఒత్తిడి సమంగా పడదు. 100 మీటర్ల లోతు దాకా నీటిని ఆపేలా తయారైన వాచీ చేతులు కడుక్కుంటేనే గ్లాసు లోపల ఆవిరి పట్టే స్థితికి వస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతపు ఉక్కలో, చెమటలో ఇది ఇంకా త్వరగా బయటపడుతుంది. ఇక్కడ నగల దుకాణాల అలవాటు ఒకటి చెప్పుకోవాలి. తీసేసిన అసలు బెజెల్ బంగారం కదా, దాని విలువను కొందరు లెక్కలో తగ్గించి తమ దగ్గరే ఉంచుకుంటారు. వాచీని మళ్ళీ పాత రూపానికి తేవాలంటే కొనాల్సిన మొదటి వస్తువు అదే.

డయల్ మార్పులో దెబ్బ కంటికి కనిపించదు. అసలు డయల్‌కే రంధ్రాలు చేసి రాళ్ళు పొదిగిస్తే, రాయి అడుగు మొనలు డయల్ వెనక్కి పొడుచుకు వస్తాయి. డయల్‌కు సరిగ్గా కిందే తేదీ అంకెలున్న పళ్ళెం తిరుగుతుంటుంది. మొన దానికి రాసుకుంటే తేదీ మారే సమయంలో మూవ్‌మెంట్ మీద భారం పడుతుంది. మొదట్లో చెప్పుకున్న ఇరుక్కుపోయిన తేదీకి కారణం ఇది కావచ్చు, ఇదే అయితే ఎన్నిసార్లు ఆయిలింగ్ చేయించినా పోదు. డయల్ వెనక రెండు చిన్న కాళ్ళుంటాయి. వాటిని మూవ్‌మెంట్‌లోని రంధ్రాల్లో దించి పక్క నుంచి మరలు బిగిస్తారు. పొదిగే పనిలో ఆ కాళ్ళు విరిగితే జిగురుతో అతికించి ఊరుకుంటారు. రాళ్ళ ఎత్తు వల్ల గంటల ముల్లుకు చోటు తగ్గి, ముళ్ళు ఒకదానికొకటి రాసుకోవడమూ ఉంది. వీటన్నిటికీ మించి, పొదిగేటప్పుడు రాలిన లోహపు పొడి, మెరుగు పెట్టే మైనం లోపలికి చేరితే మూవ్‌మెంట్‌ను మొత్తం విప్పి కడగక తప్పదు.

కేస్‌కు చేసిన మార్పు అన్నిటికన్నా మొండిది. చైను తగిలే కొమ్ముల మీద వజ్రాలు పొదగడానికి రంధ్రాలు చేశారంటే ఆ లోహం ఇక తిరిగి రాదు. వాచీకి నల్లటి పూత వేయించడం కొంతకాలం పెద్ద ఫ్యాషన్. పూత వేయడానికి ముందు ఉపరితలాన్ని సిద్ధం చేస్తారు, ఆ పనిలో అంచుల పదును పోతుంది. పూతను తీయించినా ఆ అంచులు రావు. లేజర్ వెల్డింగ్‌తో లోహం నింపి అంచులు తిరిగి తెచ్చే నిపుణులు ఉన్నారు, కానీ అది సర్వీసింగ్ కాదు, పునర్నిర్మాణం.

ఇక మూవ్‌మెంట్‌నే మార్చిన వాచీలు. చక్రాలను పట్టి ఉంచే వంతెనలనే లోహపు పలకలు కత్తిరించి లోపలి చక్రాలు కనిపించేలా చేసినవి, వెనక ఉక్కు మూత తీసి గాజు మూత వేసినవి ఈ కోవలోకి వస్తాయి. రోలెక్స్ పేరున్న కేస్‌లో ఇంకెవరిదో మూవ్‌మెంట్ ఉంటే మాత్రం అది మార్పు కాదు, నకిలీ. అలాంటిదాన్ని కంపెనీ బల్ల మీద పెట్టడం వల్ల తలనొప్పి తప్ప ఇంకేమీ రాదు.

కంపెనీ ఎందుకు ఒప్పుకోదు?

పొగరని చాలామంది అనుకుంటారు. కొంత నిజమే కావచ్చు, కానీ ముందు వాళ్ళ వైపు లెక్క చూడాలి. 3135 గంటకు 28,800 సార్లు కొట్టుకుంటుంది. ఏడాదికి 25 కోట్లకు పైమాటే. ఈ పనంతా చుక్కలో ఎంతో చిన్న వంతు నూనె మీద ఆధారపడి సాగుతుంది, ఆ నూనె ఏళ్ళ మీద ఎండుతుంది. అందుకే సుమారు పదేళ్ళకోసారి సర్వీసింగ్ చేయించమని రోలెక్స్ చెబుతుంది. సర్వీసింగ్ అంటే మూవ్‌మెంట్‌ను చివరి మర దాకా విప్పి, కడిగి, అరిగినవి మార్చి, కొత్త నూనె వేసి, గ్యాస్కెట్లన్నీ మార్చి, పీడనంలో పరీక్షించడం. ఆ తర్వాత రెండేళ్ళ హామీ ఇస్తారు. తాము తయారుచేయని బెజెల్ బిగించిన కేస్‌కు నీరు పోదని హామీ ఇవ్వడం ఎవరికైనా కష్టమే. తమ తేదీ పళ్ళాన్ని ఎవరో పెట్టిన రాయి రాపిడి చేస్తుంటే, వాచీ రోజుకు రెండు సెకన్లకు మించి తేడా పడదని చెప్పడమూ కష్టమే.

కాబట్టి అంచనా పత్రం ఇలా వస్తుంది: మూవ్‌మెంట్ సర్వీసింగ్‌కు ఇంత, అసలు డయల్‌కు ఇంత, అసలు బెజెల్‌కు ఇంత, ముళ్ళకు ఇంత. తప్పనిసరి అని గుర్తుపెట్టినవాటిలో ఒక్కటి వద్దన్నా వాచీని విప్పకుండానే తిరిగి ఇస్తారు. మూవ్‌మెంట్ ఒక్కటి చూడండి, పైనున్నవి మా ఇష్టం అన్న బేరం అక్కడ నడవదు. రంధ్రాలు పడ్డ కేస్ అయితే కేస్ కూడా మార్చాలంటారు. అప్పుడు ఒరిజినల్ అనడానికి మిగిలేది మూవ్‌మెంట్, చైను. కొత్త వాచీకి ఉండే అయిదేళ్ళ వారంటీ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 2015 జులై తర్వాత కొన్న రోలెక్స్‌లకు ఇది వర్తిస్తుంది. బయటివారు వాచీ విప్పినా, తమవి కాని భాగాలు చేర్చినా వారంటీ రద్దు. నిన్న కొన్న వాచీకి ఇవాళ వజ్రాలు పొదిగిస్తే అయిదేళ్ళ భరోసాను వదులుకున్నట్టే.

కంపెనీయే అనుమతిస్తే ఇవే మార్పులు ఇబ్బంది కావన్నది గమనించాలి. లండన్‌లో జార్జ్ బామ్‌ఫర్డ్ 2000ల తొలినాళ్ళ నుంచి రోలెక్స్‌లకు నల్లపూత వేసి, డయల్ రంగులు మార్చి పేరు తెచ్చుకున్నాడు. అవి రోలెక్స్ దృష్టిలో అనధికార వాచీలే. 2017లో అతను జెనిత్, టాగ్ హోయర్ కంపెనీలతో ఒప్పందం కుదుర్చుకుని వాటికి అధికారికంగా మార్పులు చేయడం మొదలుపెట్టాడు. మారింది పూత కాదు, చేతిలో ఉన్న అనుమతి. హామీ సాంకేతిక విషయమే అయినా, దాని వెనక పేరు మీద హక్కు ఎవరిదన్న పోరాటం కూడా ఉంది.

కోర్టులు ఏమన్నాయి?

ఈ పోరాటం పాతదే. అమెరికాలో 1964లో బులోవా వాచీ కంపెనీ ఒక కేసు గెలిచింది. ఒక వ్యాపారి బులోవా మూవ్‌మెంట్లను తీసి వజ్రాలు పొదిగిన వేరే కేస్‌లలో పెట్టి బులోవా పేరుతోనే అమ్మేవాడు. అది ఇక కొత్త వస్తువు, అసలు సంగతి పూర్తిగా చెప్పకుండా ఆ పేరుతో అమ్మకూడదన్నారు. 1999లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన కేసులో అప్పీలు కోర్టు ఇంకా ముందుకు వెళ్ళింది. పాత రోలెక్స్‌లకు బయటి బెజెళ్ళు, డయళ్ళు, చైన్లు వేసి రోలెక్స్ గుర్తుతో అమ్మడం నకిలీ సరుకు అమ్మడంతో సమానమని తేల్చింది. టెక్సస్‌లో బెకర్‌టైమ్ అనే వ్యాపార సంస్థ మీద రోలెక్స్ వేసిన కేసు 2024 జనవరిలో అప్పీలు కోర్టు దాకా వచ్చింది. వజ్రాలు, బయటి బెజెళ్ళు చేర్చిన వాచీలను ఆ పేరుతో అమ్మడం ట్రేడ్‌మార్క్ ఉల్లంఘనే అన్న తీర్పు అక్కడా నిలబడింది.

సరిగ్గా అదే నెలలో స్విట్జర్లాండ్ అత్యున్నత న్యాయస్థానం ఇంకో కోణం చూపింది. జెనీవాలో ఆర్టిజాన్స్ ద జెనెవ్ అనే వర్క్‌షాప్ ఖాతాదారులు తెచ్చిన వాచీలను విప్పి కొత్త రూపమిస్తుంది. రోలెక్స్ దాని మీద కేసు వేసి కింది కోర్టులో గెలిచింది. పై కోర్టు ఆ తీర్పును పక్కనపెట్టింది. యజమాని తన సొంత వాచీని తాను పెట్టుకోవడానికి మార్పించుకుంటే అది ఆయన ఇష్టం, ఆ పని చేసిపెట్టడం ఒక సేవ మాత్రమే అన్నది. ముందే మార్చిన వాచీలను బ్రాండు పేరుతో అమ్మకానికి పెట్టడం మాత్రం వేరని గీత గీసింది. వర్క్‌షాప్ తన సేవను ప్రచారం చేసుకునే తీరు గురించి మళ్ళీ విచారించమని కింది కోర్టుకే పంపింది. గడియారాల దేశంలో, అదీ రోలెక్స్ సొంత ఊరి వర్క్‌షాప్ విషయంలో ఈ మాట రావడం చిన్న సంగతి కాదు.

మన చట్టం కూడా అమ్మకం దగ్గరే ఆగుతుంది. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టంలోని 30వ సెక్షన్, ఒకసారి న్యాయంగా అమ్మిన వస్తువును మళ్ళీ అమ్ముకోవడానికి వీలిస్తూనే, బజారులోకి వచ్చాక వస్తువు స్థితి మారినా, చెడినా అభ్యంతరం చెప్పే అవకాశాన్ని ట్రేడ్‌మార్క్ యజమానికి ఉంచింది. చేతికి పెట్టుకునే మనిషికి దీనితో పేచీ లేదు. పొదిగించి అమ్మే వ్యాపారి మాత్రం ఆలోచించుకోవాలి. వాచీ నీదే, వజ్రాలు పెట్టుకో, నల్లరంగు వేసుకో అని చట్టం అంటుంది. కానీ దాన్ని సర్వీసింగ్ చేసి తీరాలని కంపెనీని ఒప్పించే మాట అందులో ఎక్కడా లేదు.

బయటివారి చేతిలో విడిభాగాలున్నాయా?

స్వతంత్ర వాచ్‌మేకర్‌కు నైపుణ్యం ఉండవచ్చు. భాగాలు దొరకడమే కష్టం. యూరప్‌లో మరమ్మతుదారుల సంఘాల సమాఖ్య 2004లోనే యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది, స్విస్ కంపెనీలు తమకు విడిభాగాలు అమ్మడం లేదని. కమిషన్ కొట్టేసింది, 2010లో కోర్టు ఆ నిర్ణయాన్ని రద్దు చేసింది, మళ్ళీ విచారించిన కమిషన్ 2014లో మళ్ళీ కొట్టేసింది, 2017లో కోర్టు ఈసారి కమిషన్ వైపే నిలిచింది. నాణ్యత కోసం, నకిలీలను అడ్డుకోవడం కోసం తాము ఎంపిక చేసిన వారికే భాగాలు ఇస్తామన్న వాదన నెగ్గింది. ఈ తీర్పులు నాకు రుచించవు. పదిహేనేళ్ళు శిక్షణ, అనుభవం ఉన్న మనిషికి ఒక చక్రం అమ్మనంటే దాని వల్ల నాణ్యత ఎలా పెరుగుతుందో అర్థం కాదు. మంచివారిని విడిభాగాల కొరతలోకి నెట్టి, నాసిరకం భాగాలు అమ్మేవారికి దారి తీసినట్టే అవుతుంది.

అందుకే లోపల ఏ మూవ్‌మెంట్ ఉందన్నది మీ నిర్ణయాన్ని సగం మలుపు తిప్పుతుంది. స్విస్ మూవ్‌మెంట్ల తయారీ సంస్థ ఈటీఏ చేసే 2824 లాంటి మూవ్‌మెంట్ పెట్టిన వాచీలు ఖరీదైన బ్రాండ్లలోనూ చాలా ఉన్నాయి. దాని నమూనాలోనే సెల్లిటా అనే ఇంకో సంస్థ చేసే ఎస్‌డబ్ల్యూ200 వస్తుంది, భాగాలు ఎక్కువగా ఒకదానికొకటి సరిపోతాయి, దాన్ని విప్పని వాచ్‌మేకర్ ఉండరు. అలాంటి వాచీకి కంపెనీ అంటూ పరుగెత్తనక్కర లేదు. ఒమేగా కంపెనీ 1999లో తెచ్చిన, స్ప్రింగు శక్తిని కొద్దికొద్దిగా విడిచే కో-యాక్సియల్ పద్ధతి వేరు. ఇంగ్లీషు వాచ్‌మేకర్ జార్జ్ డేనియల్స్ కనిపెట్టిన ఆ ఏర్పాటులో నూనె ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు అన్నది మామూలు వాచీల లెక్కకు అందదు. తెలియనివారు పాత అలవాటుతో వేస్తే వాచీ ఆడుతుంది కానీ సరిగా ఆడదు. రోలెక్స్ 3135 వీటి మధ్యలో ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా ప్రపంచమంతా తెలిసిన యంత్రం, బలమైనది. దానికి బాగా తెలిసిన బలహీనత, చేతి కదలికతో తిరిగి వాచీకి కీ ఇచ్చే రోటర్ ఇరుసు అరగడం. అరిగితే రోటర్ కుంగి లోపలి భాగాలను గీకుతుంది. అప్పుడు అసలు ఇరుసు దొరికే వాచ్‌మేకర్ కావాలి. కంపెనీ దగ్గర విడిభాగాల ఖాతా ఉన్నవారు కొందరు ఉంటారు కానీ ఖాతా పోతుందన్న భయంతో బయటి వజ్రాలున్న వాచీని ముట్టుకోవడానికి వారిలో కొందరు జంకుతారు. ఖాతా లేనివారు బయటి కంపెనీలు చేసిన భాగాలు వేస్తారు. వాచీని నడిపే శక్తినిచ్చే మెయిన్ స్ప్రింగు విషయంలో అది పెద్ద తప్పు కాదు. చక్రాలు, ఇరుసుల దగ్గర రాజీ పడకూడదు.

మంచి వాచ్‌మేకర్‌ను పట్టుకోవడం ఎలా? అమెరికాలో ఉన్నవారికి ఒక సులువుంది. అక్కడి వాచ్‌మేకర్ల సంస్థ ఏడబ్ల్యూసీఐ పరీక్ష పెట్టి సీడబ్ల్యూ21 అనే ధ్రువపత్రం ఇస్తుంది. స్విట్జర్లాండ్‌లోని వోస్టెప్ శిక్షణ, బ్రిటన్‌లోని హొరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ అర్హతలు కూడా భరోసా ఇచ్చేవే. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారు మాటల మీద, బల్ల మీద చూసిన దాన్ని బట్టి అంచనా వేసుకోవాలి. టైమింగ్ మెషీన్ ఉందా అని చూడండి. వాచీని దాని మీద పెడితే రోజుకు ఎన్ని సెకన్ల తేడా, అటూ ఇటూ ఊగుతూ వాచీ వేగాన్ని నిలిపే బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతోంది అన్నవి తెరమీద కనిపిస్తాయి. పూర్తిగా కీ ఇచ్చిన ఆరోగ్యమైన వాచీలో ఆ ఊపు 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఉంటుంది. 200కు దిగితే లోపల ఎక్కడో రాపిడి ఉందని అర్థం. ఇచ్చేటప్పటి అంకె, తీసుకునేటప్పటి అంకె రెండూ కాగితం మీద రాసిమ్మనండి. రాయడానికి ఇష్టపడనివారికి వాచీ ఇవ్వకండి.

ఇంకో సంగతి ముందే మాట్లాడుకోవాలి. భాగాలను కడిగే అల్ట్రాసోనిక్ తొట్టిలో కంపనాలు బలంగా ఉంటాయి. చవకగా పొదిగిన రాళ్ళు, జిగురుతో అంటించిన రాళ్ళు అందులో ఊడిపోతాయి. బెజెల్‌ను, డయల్‌ను తొట్టిలో వేయకుండా పక్కన పెట్టి చేతితో తుడవమని, రాళ్ళ లెక్క ఫొటోతో సహా రాసి ఇవ్వమని చెప్పాలి. తర్వాత ఒక రాయి తక్కువైందని జరిగే గొడవకు సాక్ష్యం అదొక్కటే. నీటి సంగతి కూడా అంతే. బయటి బెజెల్ ఉన్న వాచీకి నీటి హామీ ఇవ్వలేనని చెప్పే మనిషి నిజాయితీపరుడు. 100 మీటర్లు గ్యారంటీ అని చెప్పేవారు పీడన పరీక్ష యంత్రాన్ని చూపించాలి.

కంపెనీయే మార్చేసినప్పుడు

అసలుతనం గురించి ఇంత మాట్లాడే కంపెనీ దగ్గరే పాత వాచీకి అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఉంది. 1960లు, 70ల నాటి వాచీని సర్వీసింగ్‌కు ఇస్తే రంగు మారిన డయల్‌ను కొత్త డయల్‌తో, చీకట్లో వెలగని ముళ్ళను కొత్త ముళ్ళతో మార్చి, కేస్‌కు మెరుగు పెట్టి తళతళలాడే వాచీ తిరిగివ్వడం అక్కడి పాత అలవాటు. ఆ కాలపు డయల్ మీది గుర్తులకు ట్రిటియం పూత ఉండేది. దాని అర్ధాయువు పన్నెండేళ్ళు దాటి కొద్ది నెలలే కాబట్టి ఇప్పుడవి వెలగవు, ముదురు తేనె రంగుకు తిరుగుతాయి. సేకరించేవారు డబ్బు పెట్టేది ఆ రంగుకే. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, కంపెనీ ముద్రతో సర్వీసింగ్ పూర్తయిన వాచీ విలువ సగానికి పడిపోవచ్చు.

డయల్ విలువ ఎంత దూరం వెళుతుందో చూడాలంటే 2017 అక్టోబరులో న్యూయార్క్‌లో ఫిలిప్స్ సంస్థ వేలం వేసిన రోలెక్స్ డేటోనా మోడల్ వాచీని చూడాలి. నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న ఆ వాచీ కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఆయన పెట్టుకోవడం వల్లే ఆ డయల్ నమూనాకు పాల్ న్యూమన్ అన్న పేరు వచ్చింది. తమాషా ఏమిటంటే ఆ వాచీ వెనక మూత మీద జాగ్రత్తగా నడపమని ఆయన భార్య చెక్కించిన మాటలున్నాయి. అది కూడా కంపెనీ చేయని మార్పే. ఎవరు చెక్కించారు, ఎవరి కోసం అన్నది రుజువైతే మార్పే ధరను పెంచుతుంది. మన వాచీలో నగల దుకాణం పెట్టిన రాళ్ళకు ఆ అదృష్టం లేదు.

పాత వాచీని కంపెనీకి ఇస్తే డయల్ ముట్టవద్దు, మెరుగు పెట్టవద్దు, మార్చిన భాగాలు తిరిగివ్వాలి అని ముందే కాగితం మీద రాయించుకోవాలి. మార్చిన భాగాలను చాలా కంపెనీలు తమ దగ్గరే ఉంచుకుంటాయి. ఒప్పుకోకపోతే పాత వాచీల మీద చేయి తిరిగిన స్వతంత్ర వాచ్‌మేకరే మేలు. మన దగ్గర ఇదే రోగం ఇంకో రూపంలో ఉంది. 2016లో మూతపడ్డ హెచ్ఎంటీ వాచీలకు డయల్ మళ్ళీ రంగు వేసి, ఫ్యాక్టరీ ఎన్నడూ చేయని రంగుల్లో అమ్ముతుంటారు. వాటికి సర్వీసింగ్ చిక్కేమీ లేదు, ఏ ఊళ్ళోనైనా విప్పగలరు. అసలుదన్న ధర మాత్రం కట్టకూడదు.

ఎవరికి ఏది?

తీసిన అసలు భాగాలు ఇంట్లో ఉంటే లెక్క తేలిక. స్వతంత్ర వాచ్‌మేకర్ చేత అసలు డయల్, బెజెల్ వేయించి, ఆ తర్వాత కంపెనీకి ఇవ్వండి. వజ్రాల భాగాలను డబ్బాలో పెట్టుకోవచ్చు. అసలు భాగాలు లేవు, వాచీని ఎన్నాళ్ళయినా మీరే పెట్టుకుంటారు, అమ్మే ఆలోచన లేదు అంటే అంచనా పత్రం మీద లక్షలు పోయడంలో అర్థం లేదు. మంచి స్వతంత్ర వాచ్‌మేకర్ దగ్గర మూవ్‌మెంట్ సర్వీసింగ్ చేయించి, డయల్ వెనక మొనలు తేదీ పళ్ళేనికి తగలకుండా సరిచేయించి, నీళ్ళకు దూరంగా పెట్టుకోండి. కేస్‌కు రంధ్రాలు పడ్డవారికి కంపెనీ దారి దాదాపు మూసుకుపోయినట్టే, కాబట్టి అక్కడికి వెళ్ళి నిరాశ పడనక్కర లేదు. వాచీ నాన్నగారిదో తాతగారిదో అయి, దాన్ని పూర్వరూపంలో చూడాలన్న పట్టుదల ఉన్నవారు మాత్రం ఖర్చు చూసుకోకుండా కంపెనీకి ఇస్తారు. అందులో నేను తప్పు పట్టను.

అమ్మదలచుకున్నవారు ముందు లెక్క వేసుకోవాలి. 2022 డిసెంబరులో రోలెక్స్ తన అధీకృత విక్రేతల ద్వారా ధ్రువీకరించిన పాత వాచీల అమ్మకం మొదలుపెట్టాక, పూర్తిగా అసలైన వాచీకీ మార్చిన వాచీకీ ధరలో తేడా దాచడానికి వీల్లేకుండా పోయింది. బయటి వజ్రాలు వాచీ ధరను పెంచవు, చాలాసార్లు తగ్గిస్తాయి. కొన్నవారు వజ్రాలకు ఇచ్చిన డబ్బు వజ్రాలుగానూ రాదు, ఎందుకంటే అంత చిన్న రాళ్ళకు నగల దుకాణంలో తిరిగి ఇచ్చే విలువ నామమాత్రం. బిల్లు మీద ఏ భాగం బయటిదో రాసి అమ్మితేనే తర్వాత తగాదా రాదు.

విదేశాల్లో ఉండి పండక్కి వస్తూ వాచీని ఇక్కడ సర్వీసింగ్‌కు ఇద్దామనుకునేవారూ, ఇక్కడి వాచీని అక్కడి కంపెనీ కేంద్రానికి పంపించాలనుకునేవారూ కస్టమ్స్ కాగితం మరిచిపోతుంటారు. మన దేశం నుంచి విలువైన వాచీని తీసుకెళుతున్నవారు బయలుదేరేటప్పుడు విమానాశ్రయంలోనే ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. అందులో వాచీ వివరాలు రాయించాలి. తిరిగి వచ్చేటప్పుడు అదే వాచీ అని చూపించడానికి అది పనికొస్తుంది. సర్వీసింగ్‌లో కేస్ మార్చారంటే దాని మీది సీరియల్ నంబరు కూడా మారవచ్చు. అప్పుడు ధ్రువపత్రంతో పాటు ఏమేం మార్చారో రాసిన సర్వీస్ బిల్లు కూడా చేతిలో ఉండాలి.